పొలమారితే నెత్తిన తట్టాలా?

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్‌కి మా అక్కను కూర్చోబెట్టాను. నర్సింగ్ కాలేజీలో అనాటమీ చెబుతుంది. అక్కా, నిన్న అన్నం తింటుంటే నాకు పొలమారింది. అమ్మ గబగబా వచ్చి నడినెత్తిన తట్టి, ఎవరో తలుచుకుంటున్నారంది.

అక్క: ఆ మాట నాకూ ఇష్టమేరా. కానీ గొడవంతా గొంతులో. తింటూ మాట్లాడుతున్నావు కదూ?

తమ్ముడు: ఫోన్‌లో.

అక్క: మరి అంతే. ముందువైపు గాలిగొట్టం, దాని వెనకే అన్నవాహిక. పైన మాత్రం రెండిటికీ దారి ఒకటే. గొంతు మీద వేలు పెట్టి ఒకసారి గుటక వెయ్యి.

తమ్ముడు: ఏదో పైకి లేచింది!

అక్క: అది స్వరపేటిక. అది లేవగానే, ఆకులా ఉండే ఎపిగ్లాటిస్ వెనక్కి వాలి దాని మీద మూత పడుతుంది. లోపల స్వరతంతువులూ దగ్గరికొచ్చి మూసుకుంటాయి. ఊపిరి ఆగుతుంది. అంతా దాదాపు ఒక్క సెకనులో. మాట్లాడాలంటే ఆ దారి తెరిచి ఉండాలి, మింగాలంటే మూసుకోవాలి. రెండూ ఒకేసారి చెయ్యబోతే మెతుకు గాలిగొట్టం వైపు జారుతుంది.

తమ్ముడు: ఆ మూత కొండనాలుక అనుకున్నానే!

అక్క: చాలామంది అలాగే అనుకుంటారు. కొండనాలుక, మెత్తటి అంగిలి కలిసి ముక్కు వైపు దారిని మూస్తాయి. నవ్వుతూ నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తాయే, ఆ తలుపు సరిగా పడకే.

తమ్ముడు: మరి పొలమారితే ఏం చెయ్యాలి?

అక్క: దగ్గనివ్వాలి. దగ్గే మందు. వెంటనే నీళ్లు పట్టకూడదు, అవీ అటే పోవచ్చు. దగ్గూ మాటా రాక ఉక్కిరిబిక్కిరవుతుంటే మాత్రం ఆగొద్దు. మనిషిని ముందుకు వంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేత్తో 5 సార్లు గట్టిగా కొట్టాలి. అప్పటికీ రాకపోతే వెనక నుంచి చుట్టి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి 5 సార్లు లోపలికి, పైకి నొక్కాలి. ఈ రెండూ మార్చి మార్చి చేస్తుంటే, ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. ఏడాదిలోపు పిల్లలకు పొట్ట నొక్కకూడదు. అసలు ఏడుస్తున్న బిడ్డను పడుకోబెట్టి ఉగ్గు పోస్తుంటే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

తమ్ముడు: పక్షవాతం వచ్చాక నాన్న నీళ్లు తాగినప్పుడల్లా దగ్గేవారు.

అక్క: కండరాలు నెమ్మదించాయి. నీళ్లు పల్చన కదా, మూత పడేలోపే జారిపోతాయి. అందుకే చిక్కటి జావ ఇమ్మన్నారు. నిటారుగా కూర్చోబెట్టి, చెంచాడు చెంచాడు.

తమ్ముడు: స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి అన్నావు. మాట కోసమనుకున్నాను. మింగడం కూడా వాళ్లే నేర్పుతారని ఆ రోజే తెలిసింది.