పరారుణ కాంతే వేడా?

శ్రోతలకు నమస్కారం. చలికాలం రాత్రి నెగడు దగ్గర కూర్చుంటే ముఖం చుర్రుమంటుంది, వీపు మాత్రం చల్లగానే ఉంటుంది. మంటకు అడ్డంగా ఎవరైనా వచ్చి నిలబడితే ముఖానికి తగిలే సెగ ఆ క్షణమే ఆగిపోతుంది. మధ్యలోని గాలి అంతలోనే చల్లారిపోదు కదా. ఆగింది మంట నుంచి నేరుగా మన మీదికి వస్తున్న కాంతి. అందులో అధికభాగం కంటికి కనిపించని పరారుణ కాంతి.

దీన్ని మొదట పసిగట్టినవారు ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్. 1800లో ఇంగ్లండులో ఆయన రంగుటద్దాల గుండా సూర్యుణ్ణి పరిశీలిస్తూ, కొన్ని అద్దాల్లో వెలుతురు తక్కువగా ఉన్నా వేడి ఎక్కువగా తగలడం గమనించి, పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి, బుడ్డికి నలుపు పూసిన థర్మామీటరును ఒక్కొక్క రంగులో ఉంచి చూశారు. ఎరుపు వైపు వెళ్లేకొద్దీ ఉష్ణోగ్రత పెరిగింది. ఎరుపు దాటాక, ఏ రంగూ లేని చోట, ఇంకా పెరిగింది.

అప్పటినుంచి పరారుణమంటే వేడే అన్న అభిప్రాయం పాతుకుపోయింది. అది సరికాదు. వేడెక్కడమంటే వస్తువులోని అణువుల కదలిక జోరందుకోవడం. పరారుణం కాంతి మాత్రమే, దాన్ని ఏదైనా వస్తువు పీల్చుకున్నప్పుడే వేడిగా మారుతుంది. ఆ మాటకొస్తే ఏ కాంతి అయినా అంతే. నేలకు చేరే ఎండలో సుమారు సగం పరారుణమైతే, మిగిలినదాంట్లో చాలా భాగం మామూలు వెలుతురే, అదీ మన డాబాలను కాలుస్తుంది.

మరి పరారుణానికే వేడి అన్న పేరెందుకు వచ్చింది? ప్రతి వస్తువూ తన ఉష్ణోగ్రతను బట్టి కాంతిని వెలువరిస్తుంది. సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్ ఉన్న సూర్యుడి ఉపరితలం కంటికి కనబడేలా వెలుగుతుంది. మన చర్మం, గోడలు, అన్నం గిన్నె మాత్రం దాదాపు 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో వందో వంతు) తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే పూర్తిగా పరారుణంలోనే వెలుగుతాయి.

నుదుటికి ఎదురుగా పట్టి జ్వరం చూసే పరికరం కొలిచేది ఈ వెలుగునే. దాన్నే సలసల కాగే నీళ్లున్న, తళతళలాడే స్టీలు చెంబు వైపు తిప్పితే అసలు వేడి కంటే బాగా తక్కువ చూపుతుంది, ఎందుకంటే నునుపైన లోహం తాను వెలువరించేది స్వల్పం, అద్దంలా గదిలోని పరారుణాన్నే తిప్పికొడుతుంది. వంటింట్లో వాడే ఎక్కువ వేడిని కొలిచే రకం తీసుకుని, చెంబుకు కాగితం ముక్క గట్టిగా అంటించి అక్కడ చూస్తే అంకె నిజానికి దగ్గరగా వస్తుంది. కాఫీ ఫ్లాస్కు లోపల వెండిలా మెరిసే పూత పూసేదీ ఇందుకే.