రక్షణ ఆయన పని, ఇల్లు చక్కబెట్టుకోవడం మన పని

(సమాధుల పండుగకు ముందు ఆదివారం నల్లగొండలో ఒక సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

మీలో చాలామంది పొద్దున సమాధుల తోటకు వెళ్లి వచ్చినట్టున్నారు. కొందరి చేతులకు ఇంకా సున్నం అంటుకునే ఉంది. నవంబరు 2 దగ్గర పడిందంటే మనకు ఇదే పని. ముళ్లకంప కొట్టేస్తాం, సమాధికి సున్నం వేస్తాం, సిలువ మీద చెరిగిపోయిన పేరును నల్లరంగుతో దిద్దుతాం, బంతిపూలు, కొవ్వొత్తులు కొంటాం. పోయినవారి చోటును ఇంత శ్రద్ధగా సర్దుతాం గాని, పోవలసినవారి సంగతి ఎత్తితే మాత్రం మాట మార్చేస్తాం. ఇందాక గుమ్మం దగ్గర ఒక పెద్దమ్మ నన్ను ఆపి, "అయ్యగారూ, పండుగ పూట చావు గురించి చెప్పకండి" అంది. సమాధుల పండుగకు కాకపోతే మరి ఎప్పుడు చెప్పమంటావమ్మా అని అడిగాను. నవ్వుకుంటూ లోపలికి వచ్చి ముందు వరుసలోనే కూర్చుంది. పేరు చెప్పను.

యెషయా గ్రంథం 38వ అధ్యాయం తీయండి. యూదా దేశాన్ని ఏలిన హిజ్కియా రాజుకు మరణకరమైన రోగం వచ్చింది. ప్రవక్త వచ్చి ఏ ఓదార్పూ లేకుండా ఒకే మాట చెప్పాడు: "నీవు మరణమవుచున్నావు, బ్రదుకవు గనుక నీవు నీ యిల్లు చక్కబెట్టుకొనుము." రాజు ముఖం గోడవైపు తిప్పుకుని ఏడ్చాడు, ప్రార్థించాడు. దేవుడు విన్నాడు. 15 సంవత్సరాల ఆయుష్షు కలిపాడు. మన సాక్ష్య కూడికల్లో ఈ కథ ఇక్కడితో ఆగిపోతుంది. హల్లెలూయా అని కూర్చుంటాం.

తర్వాతి అధ్యాయం కూడా చదవాలి. బబులోను నుంచి రాయబారులు వస్తే హిజ్కియా తన వెండి, బంగారం, ఆయుధశాల అన్నీ తెరిచి చూపించాడు. ఇవన్నీ ఒకనాడు బబులోనుకే పోతాయి, నీ సంతానంలో కొందరు అక్కడి రాజనగరులో ఊడిగం చేస్తారు అని ప్రవక్త చెబితే, నా రోజుల్లో సమాధానం ఉంటుంది కదా అని సరిపెట్టుకున్నాడు. ఆయన కొడుకు మనష్షే గద్దె ఎక్కేనాటికి 12 ఏళ్లవాడు. లెక్క వేసి చూడండి, ఆ కలిపిన ఆయుష్షులో పుట్టిన బిడ్డే. తండ్రి పడగొట్టిన ఉన్నత స్థలాలను, అంటే అన్యదేవతల పూజాస్థలాలను, కొడుకు మళ్లీ కట్టించాడు. ఆయుష్షయితే దొరికింది గాని, చక్కబెట్టుకోమన్న ఇల్లు అలాగే ఉండిపోయింది.

మనం అడిగేది కూడా ఆ 15 ఏళ్లే. మనిషిని హైదరాబాదు ఆసుపత్రికి తీసుకుపోతారు. బండి నార్కట్‌పల్లి దాటకముందే పాస్టరుకు ఫోను వస్తుంది. ప్రార్థన చేయమంటారు. చేస్తాను, తప్పేమీ లేదు, హిజ్కియా కూడా చేశాడు. ఆ తర్వాత వచ్చే రెండో ఫోనే నన్ను ఇబ్బంది పెడుతుంది. "డాక్టర్లు లాభం లేదన్నారు అయ్యగారూ, నాన్నకు మాత్రం చెప్పకండి." నాన్నకు డెబ్బై రెండేళ్లు. ఆరుగురు పిల్లల్ని పెంచాడు, కరువులు చూశాడు, పాలమూరు నుంచి బొంబాయి దాకా మట్టిపనికి పోయి వచ్చాడు. తన చావు వార్త వినే ధైర్యం ఆయనకు లేదని ముప్పై ఏళ్ల కొడుకు తేల్చేశాడు. ప్రేమతోనే తేల్చాడు, కాదనను. కానీ ఎవరిని క్షమాపణ అడగాలో, ఎవరికి ఏం అప్పగించాలో చూసుకునే చివరి నెలను ఆ ప్రేమే తండ్రి చేతిలోంచి లాగేసుకుంది. మంచం చుట్టూ అందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు. తెలియనట్టు అందరూ నటిస్తారు. ఆ గదిలో ప్రార్థన చేయడం ఎంత కష్టమో పాస్టర్లను అడగండి.

ఇక మూడో ఫోను. "నాన్నకు ఇంకా బాప్తిస్మం కాలేదు, తొందరగా రండి." ఈ సంగతి కాస్త వివరంగా మాట్లాడుకుందాం, ఎందుకంటే మనలో ఉన్న అయోమయమంతా ఇక్కడే బయటపడుతుంది. ఆక్సిజన్ గొట్టం పెట్టిన మనిషిని నీళ్లలో ముంచడం ఎలా అని కంగారు, ముంచకపోతే ఆత్మ ఏమైపోతుందోనని భయం, బాప్తిస్మం లేనివాడికి సమాధుల తోటలో చోటిస్తారో ఇవ్వరోనన్న దిగులు. మూడూ ఒకేసారి. చివరి దిగులుకు సంఘ పెద్దలు జవాబు చెప్పాలి. ఆరడుగుల చోటు కోసం ఎవరినీ నీళ్లలోకి దిగమనకూడదని నా అభిప్రాయం. ఈ మాట లోగడ అన్నందుకు కొన్ని చోట్లకు నన్ను మళ్లీ పిలవలేదు.

ఆత్మ గురించిన భయానికి జవాబు లూకా 23లో ఉంది. సిలువ మీద వేలాడుతున్న నేరస్థుడికి బాప్తిస్మం లేదు, సంస్కారం లేదు, దశమభాగం లేదు. దొంగిలించినది తిరిగి ఇచ్చే వీలు కూడా లేదు, చేతులకు మేకులున్నాయి. ఆయన అడిగిందల్లా, నీ రాజ్యంలోకి వచ్చినప్పుడు నన్ను జ్ఞాపకం చేసుకో అని. జవాబుగా "నేడు నీవు నాతో కూడ పరదైసులో ఉందువు" అన్నాడు ప్రభువు. నేడు అన్న ఆ మాట ముందు మన లెక్కలన్నీ ఆగిపోతాయి. బాప్తిస్మం ప్రభువు ఆజ్ఞ, బతికి ఉండగా విశ్వసించి తీసుకోవలసింది. దాన్ని చివరి గంటలో వేసే ఇంజక్షనుగా చూడకండి.

నల్లగొండలో ఈ మాట కొత్తది కాదు. 1890లో అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు రష్యాలోని మెన్నోనైట్ సంఘాల (విశ్వసించాకే బాప్తిస్మం ఇచ్చే ఒక ప్రొటెస్టంట్ శాఖ) తరఫున వచ్చి ఇక్కడే పని మొదలుపెట్టారు. పాలమూరు, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, దేవరకొండ వైపు మెన్నోనైట్ బ్రదరన్ సంఘాలు ఆ తర్వాత వేళ్లూనుకున్నాయి. అంటే మన తాతముత్తాతల కాలం నుంచి "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు" అన్న ఎఫెసీ పత్రిక మాట ఈ గడ్డ మీద వినిపిస్తూనే ఉంది. నోటికి వచ్చు కూడా. జ్వరం వచ్చేసరికి మాత్రం దేవునితో బేరానికి దిగుతాం. నలభై రోజులు ఉపవాసం ఉంటాను, మందిరానికి మైకు సెట్టు ఇస్తాను, నన్ను బతికించు అంటాం. చివరికి బతకమని తెలిశాక కూడా బేరం మానం, ఇంత చేశాను కదా, నాకు పరలోకంలో చోటివ్వవా అంటాం.

చేసినవి గుర్తుచేసేవాళ్లు కొందరైతే, చేయనివి తలచుకుని కుమిలిపోయేవాళ్లు ఎక్కువమంది. దేవరకొండ వైపు ఒక పల్లెలో ఒక పెద్దావిడ ఉండేది. స్త్రీల సమాజంలో పాట ఎత్తుకునేది ఆమే. కొడుకు, కోడలు పుణెలో కట్టడం పనికి పోయారు, ఆమె దగ్గర మనవరాలు ఉండేది. మంచాన పడ్డాక నన్ను పిలిపించింది. మనవరాలిని నీళ్లకు పంపించి, గొంతు తగ్గించి అడిగింది: "మా అత్త పక్షవాతంతో పడి ఉన్నప్పుడు కోపంతో ఒక పూట అన్నం పెట్టలేదు అయ్యగారూ. పొద్దు గూకేదాకా పెట్టలేదు. అది రాసుకుని ఉంటాడా?"

ఎన్నేళ్లు దాచుకుందో ఆ ఒక్క పూటను. పర్వాలేదమ్మా, చిన్న విషయం అని నేను అనలేదు. ఆకలితో ఉన్న ముసలామెకు అది చిన్న విషయం కాదు. ఒకటో యోహాను పత్రిక మొదటి అధ్యాయం తొమ్మిదో వచనం చదివాను. మన పాపాలు మనం ఒప్పుకుంటే ఆయన నమ్మదగినవాడు, క్షమిస్తాడు అని. మళ్లీ చదవమంది, చదివాను. నీ మాట విన్నాడు, క్షమించాడు, ఇక ఆ లెక్క నీ పేరున లేదు, సిలువ మీద తీరిపోయింది అని చెప్పాను. కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత ఆమె అన్న మాట నేను ఊహించలేదు. "అయితే మా ఆడబిడ్డను పిలిపించండి. వాళ్ల అమ్మ కదా, ఆమెకు కూడా చెప్పాలి."

క్షమాపణ దొరికిందని నమ్మిన మరుక్షణమే ఆమెకు ఆడబిడ్డ గుర్తొచ్చింది. ఇక తన ఆత్మను ఎలా కాపాడుకోవాలన్న బెంగ లేదు గనుక పక్క మనిషి వైపు తిరగగలిగింది. ఆడబిడ్డ వచ్చింది, ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను బయట వేపచెట్టు కింద ఉన్నాను. ఆ సాయంత్రం మనవరాలితో ట్రంకు పెట్టె తెరిపించింది. అడుగున ఉతికి మడత పెట్టిన తెల్ల చీర, దాని మీద బైబిలు, బైబిలులో కిరాణా కొట్టు బాకీ చీటీ, గుంత తవ్వేవాళ్ల కూలికి విడిగా మూటగట్టిన డబ్బు. కొడుకు పుణె నుంచి రావడానికి రెండు రోజులు పట్టవచ్చు గనుక, అంతవరకు ఎవరినీ చేయి చాపనివ్వకుండా అన్నీ అక్కడ పెట్టి ఉంచింది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. దేవుని పనిని మనం నెత్తికెత్తుకుని, మన పనిని దేవుని మీద వేస్తున్నాం. రక్షణను సంపాదించుకోవడానికి కిందామీదా పడతాం, అన్నదమ్ముల గట్టు తగాదాను మాత్రం "ప్రభువే చూసుకుంటాడు" అని వదిలేస్తాం. ప్రభువు చూసుకోడు. తల్లి శవం వాకిట్లో ఉండగా ఆ వైపు ఒక కొడుకు, ఈ వైపు ఒక కొడుకు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నిలబడిన ఇళ్లలో నేను ఆదరణ వాక్యం చెప్పాను. తెల్లారేసరికి ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు, "మహిమలోకి పిలువబడ్డారు" అని. ఆ ఫ్లెక్సీల ఖర్చు దగ్గర కూడా తగాదాయే.

మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు నుంచి వచ్చినవాళ్లు మీలో ఉన్నారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయినవాళ్లు, మెడ తిప్పలేనివాళ్లు, కూర్చుంటే లేవలేనివాళ్లు మీ ఇళ్లలో ఉన్నారు. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. కానీ ఒకసారి బిగుసుకుపోయిన ఎముక మళ్లీ మెత్తబడదు. చనిపోతే ఈ శరీరం పీడ వదులుతుంది, ఆత్మ హాయిగా పోతుంది అని అలాంటివారిని ఓదారుస్తుంటాం. పౌలు చెప్పింది అంతకన్నా పెద్ద మాట. "బలహీనమైనదిగా విత్తబడి, బలమైనదిగా లేపబడును" అన్నాడు, శరీరం గురించే అన్నాడు. యాభై ఏళ్లుగా ఆకాశాన్ని తలెత్తి చూడలేని మనిషికి పునరుత్థానం అంటే ఏమిటో నాకన్నా బాగా తెలుసు. అందుకే ఇక్కడ ఈస్టరు తెల్లవారుజామున సమాధుల మధ్య నిలబడి పాడే పాటకు గట్టి గొంతులు వస్తాయి.

యేసు కూడా తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ఏడ్చాడు. ఇంకాసేపట్లో లేపబోతున్నాడని తెలిసీ ఏడ్చాడు. విశ్వాసులు ఏడవకూడదని ఆదరణ కూడికల్లో ఆడవాళ్లను గద్దించే పాస్టర్లు ఆ వచనం ఒకసారి చూడాలి. చూడడానికి ఎంతోసేపు పట్టదు, రెండు మూడు మాటలే ఉంటుంది.

ఇక మన పని. సిలువ మీద ఊపిరి ఆడని స్థితిలో కూడా ప్రభువు తల్లిని శిష్యుడికి అప్పగించాడు. లోకపాపం మోస్తూ ఇంటి సంగతి చూశాడు. అబ్రాహాము భార్య చనిపోతే హేతు కుమారులు, అంటే ఆ ఊరివాళ్లు, సమాధి చోటు ఊరికే ఇస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. 400 తులముల వెండి తూచి ఇచ్చి, ఊరి గవిని (ద్వారం) దగ్గర అందరి ఎదుట మక్పేలా పొలం, గుహ తన పేరు చేసుకున్నాడు. పొలంలో ఉన్న చెట్లతో సహా లెక్క రాసి ఉంది, ఏ పట్టా కాగితంలోనూ అంత వివరం ఉండదు. మన సమాధుల తోటల్లో ఎన్నిటికి కాగితం ఉంది? రోడ్డు వెడల్పు చేసేవాళ్లో, వెంచరు వేసేవాళ్లో వచ్చిన రోజున పరుగెత్తే బదులు, పెద్దలు ఈ ఏడాదే సర్వే నంబరు తీసి చూడండి.

ఇంటి విషయానికి వస్తే, క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా లేకుండా భర్త పోతే, పిల్లలున్నప్పుడు ఆస్తిలో మూడో వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా వస్తాయి. కొడుకని ఎక్కువ లేదు, పెళ్లయిన కూతురని తక్కువ లేదు. కట్నం ఇచ్చాం కదా అని కూతుళ్ల చేత సంతకాలు పెట్టించుకునే విశ్వాసులకు ఈ మాట వినిపించాలి. వీలునామా రాయాలంటే తెల్లకాగితం చాలు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేస్తే మంచిదే. ఇద్దరు సాక్షులు ఉండాలి. అలాగే రైతులు బీమా పత్రంలో నామినీ ఎవరో చూసుకోండి. రైతుబీమా 2018లో మొదలైంది, 18 నుంచి 59 ఏళ్ల రైతుకు 5 లక్షలు. నామినీగా రాసిన తల్లి ఎప్పుడో చనిపోయి ఉంటుంది, భార్య పేరు ఎక్కి ఉండదు. అప్పులు కూడా రాయండి. ఇచ్చినవే కాకుండా తీసుకున్నవీ, నోటు లేకుండా తీసుకున్నవి ముఖ్యంగా.

ఇదంతా చేస్తే చావు తొందరగా వస్తుందని భయపడేవాళ్లున్నారు. పౌలును చూడండి. నా పరుగు కడముట్టించాను అని రాసిన ఆ రెండో తిమోతి పత్రికలోనే, అదే అధ్యాయంలో, త్రోయలో కర్పు దగ్గర వదిలేసిన నా అంగీ తీసుకురా, పుస్తకాలు తీసుకురా, చలికాలం రాకముందే రా అని అడుగుతున్నాడు. చావుకు సిద్ధపడ్డ మనిషికి చలి వేస్తుంది, చదువుకోవాలని ఉంటుంది, స్నేహితుడిని చూడాలని ఉంటుంది.

స్త్రీల సమాజం వారు బయట బల్ల మీద తెల్లకాగితాలు, పెన్నులు పెట్టారు. చదువు రానివారికి యువకులు రాసిపెడతారు. సాక్షి సంతకానికి పిలిస్తే నేనూ వస్తాను, టీ ఇస్తే చాలు. ఒక్క సంగతి. పాస్టరు గారి మీద ప్రేమతో అందులో నాకు గజం జాగా కూడా రాయకండి. సాక్షిగా సంతకం పెట్టినవాడికి రాసినది ఆ వారసత్వ చట్టం ప్రకారం చెల్లదు.