మొగులైన రోజు: వాన మీద పిల్లల బొమ్మల పుస్తకం తయారు చేద్దాం

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో మనం 5 నుంచి 7 ఏళ్ల పిల్లల కోసం, వాన తెచ్చే సంతోషం మీద 16 పేజీల బొమ్మల పుస్తకాన్ని ఇంట్లోనే తయారు చేస్తాం. నా ముందు నాలుగు ఏ4 కాగితాలు, ఒక పెన్సిలు, నీటిరంగుల పెట్టె, రెండు కుంచెలు, ఒక దబ్బనం, కొంత దారం ఉన్నాయి. కొవ్వొత్తి ముక్క కూడా ఉంది, దాని పని కాసేపట్లో చూస్తారు.

రంగులు ముట్టుకోకముందు కథ సంగతి తేల్చుకోవాలి. వాన మీద వచ్చే పిల్లల కథలు చాలావరకు ఒకే దారిన నడుస్తాయి: ఆకాశం నల్లబడుతుంది, ఇల్లంతా దిగులు పడుతుంది, తర్వాత గొడుగు, కాగితప్పడవ వచ్చి అందరినీ నవ్విస్తాయి. నల్లగొండలోనో పాలమూరులోనో ఆ కథ చదివితే మొదటి పేజీ దగ్గరే పిల్లలకు అనుమానం వస్తుంది. ఉత్తర తెలంగాణ కంటే వాన తక్కువగా పడే ఈ ప్రాంతంలో, జూన్ మొదటి వారం దాటి మృగశిర కార్తె వచ్చిందంటే, దుక్కి దున్ని విత్తనాలు తెచ్చిపెట్టుకున్న ప్రతి ఇంట్లోనూ పెద్దవాళ్ల కళ్లు ఆకాశం మీదే ఉంటాయి. అక్కడ "మొగులైంది" (మబ్బు పట్టింది) అన్న మాట శుభవార్త. అందువల్ల మన కథలో దిగులు ఇంటిది కాదు, ఒక్క పిల్లది మాత్రమే. ఆమె పొద్దున్నే వాకిట్లో చాక్‌పీసుతో తొక్కుడుబిళ్ల గళ్లు గీసుకుంది, ఇంకా ఒక్క ఆటైనా ఆడకముందే వాన వచ్చి వాటిని కడిగేసింది. అరుగు మీద కూర్చున్న అవ్వ మాత్రం చూరు నీళ్లకు చెయ్యి చాచి మురిసిపోతున్నది. ఒకే వానకు ఇద్దరి ముఖాలు రెండు రకాలుగా ఉండడమే ఈ పుస్తకాన్ని నడిపిస్తుంది.

ఇప్పుడు నాలుగు కాగితాలనూ ఒకదానిమీద ఒకటి పెట్టి సగానికి మడవండి, 16 పేజీలు వస్తాయి. మడిచి కుట్టే పుస్తకంలో పేజీల సంఖ్య ఎప్పుడూ 4 గుణిజంగానే ఉంటుందని గుర్తుంచుకుంటే, 14 పేజీల కథ రాసుకుని తర్వాత తల పట్టుకోవలసిన అవసరం రాదు. మొదటి పేజీ పేరుకు, చివరి పేజీ ముగింపు బొమ్మకు పోగా మధ్యలో ఏడు జంట పేజీలు మిగులుతాయి. వాటిలో 8, 9 పేజీలు మాత్రమే ఒకే కాగితం మీద పక్కపక్కన పడతాయి కాబట్టి, అతుకు లేకుండా పరుచుకోవలసిన పెద్ద వాన బొమ్మను అక్కడే వేయాలి. మిగిలిన జంట పేజీలలో ఎవరి ముఖమూ మడత మీద పడకుండా చూసుకోండి.

ఈ నమూనాను పెన్సిలుతో నింపాక, అసలు బొమ్మలకు 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువుండే) మందపాటి డ్రాయింగ్ కాగితం తీసుకోండి. నేను మొదటిసారి మామూలు జిరాక్సు కాగితం మీదే రంగులు వేశాను, అది ఆరేసరికి అప్పడంలా ముడుచుకుపోయింది.

వాన గీతలకు కొవ్వొత్తి కావాలి. తెల్ల కాగితం మీద కొవ్వొత్తి అంచుతో, అన్నీ ఒకే వైపుకు వాలేటట్లు గట్టిగా గీతలు గీయండి. గీసినవి కంటికి ఆనవు కాబట్టి కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూసుకోవాలి. వాటి మీద పలుచని బూడిదరంగు నీలాన్ని వెడల్పు కుంచెతో ఒక్కసారి లాగితే, మైనం నీటిని అంటనివ్వదు కనుక వానధారలు తెల్లగా తేలతాయి. నేల మీద పారే నీటికి మాత్రం నీలం వాడకండి, చల్క నేలలో, అంటే ఎర్రమట్టి నేలలో, వాననీరు చాయ్ రంగులో పారుతుంది.

పుస్తకంలో వాక్యాలు తక్కువగా ఉండాలి, ఒక జంట పేజీకి రెండు చాలు. "సంతోషం", "ఆనందం" అన్న మాటలు ఒక్కసారి కూడా రాయవద్దని నా సలహా, ఆ పని అవ్వ చెయ్యి చేస్తుంది. మేఘానికి మొగులు అనే రాయండి. చదివి వినిపించే వారి గొంతుకు పని కల్పించే "టప్ టప్", "జలజల" వంటి మాటలను కుడివైపు పేజీ చివర పెడితే, పేజీ తిప్పమని పిల్లలే తొందరపెడతారు.

వాన వెలిశాక పిల్ల ఒక పుల్లతో, మెత్తబడిన ఎర్రమట్టి మీద కొత్త గళ్లు గీస్తుంది, అవి చాక్‌పీసు గళ్లకన్నా లోతుగా పడతాయి. ఇక్కడ మన చివరి పాత్ర వస్తుంది: ఆరుద్ర పురుగు. తొలకరి పడ్డ తర్వాత, ఆరుద్ర కార్తె రోజుల్లో మట్టిలోంచి బయటికి వచ్చే ఈ మఖమల్ జీవిని పురుగు అంటున్నా, అది సాలీడుకు చుట్టం, కాళ్లు ఎనిమిది. నేను ఆరు కాళ్లే వేస్తే మూడో తరగతి పిల్లవాడొకడు వేలు పెట్టి లెక్కపెట్టి మరీ చూపించాడు. దాన్ని గీయడానికి ముందు కాగితాన్ని కాస్త తడిపి, తడి మీదే ఎర్రరంగు చుక్క పెట్టండి. అంచులు పాకి నూగులా కనిపిస్తాయి. అది ఆరిన తర్వాత సన్న కుంచెతో కాళ్లు దిద్దండి.

ఇంత ముదురు ఎరుపును ముందు పేజీల్లో ఎక్కడా వాడకండి, పిల్ల గౌను పసుపుపచ్చగానే ఉండనివ్వండి. కాగితాలు ఆరాక మడత మీద దబ్బనంతో మూడు రంధ్రాలు చేసి దారంతో కుట్టాలి. 16వ పేజీలో మాటలు అక్కర్లేదు. మూడో గడిలో ఆరుద్ర పురుగు నింపాదిగా నడుస్తూ ఉంటుంది, రెండో గడిలో పిల్ల ఒంటికాలి మీద నిలబడి, అది దాటేదాకా ఆగి ఉంటుంది.