‘టాబులా రాసా’ రికార్డు ఎలా వినాలి?

నమస్కారం. ఈ రోజు ఒక్క రికార్డే తీసుకుందాం. ఎస్తోనియా స్వరకర్త ఆర్వో ప్యార్ట్ రచనలతో 1984లో వచ్చిన ‘టాబులా రాసా’. మొత్తం గంటలోపే అయిపోతుంది.

ముందు ఫోను తీయండి. పాటల యాప్ సెట్టింగుల్లో ‘క్రాస్‌ఫేడ్’ అని ఉంటుంది. ఒక పాట ముగుస్తుండగానే తర్వాతి పాటను దానిపైకి తెచ్చి కలిపే సదుపాయం అది. దాన్ని ఆపేయండి. ఆటోప్లే కూడా. మొదటిసారి విన్నప్పుడు నేను ఆపలేదు. 26 నిమిషాల రచన చివర ఉండవలసిన నిశ్శబ్దం మీద మరెవరిదో పియానో వచ్చి పడింది. ఆ నిశ్శబ్దాన్ని కూడా ప్యార్ట్ రాశాడని తెలిశాక ఎంతో బాధ కలిగింది. మీకు అలా జరగకూడదు.

ఇప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. రెండో ట్రాక్‌తో మొదలుపెడదాం. 1976 డిసెంబరులో కన్నుమూసిన ఆంగ్ల స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ స్మృతిలో రాసినది. ఐదు నిమిషాలే. మోగించే గంట ఒకటి, తీగ వాద్యాలు, అంతే. ముందుగా చివరి నిమిషంలోకి వెళ్లి, అక్కడి హోరు చెవికి ఇబ్బంది కలిగించనంత వాల్యూమ్ పెట్టుకోండి. ఇక దాన్ని ముట్టుకోవద్దు. మొదట్లో మరీ సన్నగా వినిపిస్తుంది, అలాగే ఉండనివ్వండి.

వింటున్నది ఎ మైనర్ అవరోహణ. మన చెవికి నఠభైరవి. మొదట స. మళ్లీ పైనుంచి స, ని. మళ్లీ స, ని, ద. ప్రతిసారీ ఒక్కో మెట్టు కిందికి. సరళీ స్వరాలు మూడు కాలాల్లో సాధన చేసినవారికి తర్వాతి సంగతి ఇట్టే పట్టుబడుతుంది: ఇక్కడ ఐదు కాలాలు ఒకేసారి నడుస్తాయి. మొదటి వయొలిన్లు అన్నిటికన్నా వేగం. వాటికన్నా రెండో వయొలిన్లు సగం వేగం, వయోలాలు అందులో సగం, చెల్లోలు ఇంకా సగం. అట్టడుగున డబుల్ బేస్‌లు మొదటి వయొలిన్ల కన్నా 16 రెట్లు నెమ్మది. ఒక్కో బృందం తన చివరి స్వరానికి చేరి అక్కడే నిలబడిపోతుంది. ఆ హోరులో గంటను చాలా మెల్లగా కొడతారు, మీకు వినిపించదు. తీగలన్నీ ఒక్కసారిగా ఆగగానే, ఆ గంట నాదం అప్పటికే అక్కడ ఉందని తెలుస్తుంది. ఈ చోటు కోసమే హెడ్‌ఫోన్లు పెట్టుకోమన్నాను.

తర్వాత ‘ఫ్రాత్రెస్’. ఈ రికార్డులో ఇది రెండుసార్లు ఉంది. ఒకసారి వయొలిన్‌పై గిడోన్ క్రెమర్, పియానోపై కీత్ జారెట్. ఇంకోసారి బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌కు చెందిన 12 మంది చెల్లో వాద్యకారులు. వెంటవెంటనే రెండూ వినండి. అడుగున స, ప ఆగకుండా మోగుతుంటాయి, మన తంబురా శ్రుతిలాగే. చెల్లోల్లో దాన్ని పట్టుకోవడం సులువు. అక్కడ పట్టుకున్నాక మళ్లీ మొదటి ట్రాక్‌కు వెళితే, క్రెమర్ వేగానికి కింద అదే పునాది కనిపిస్తుంది.

ఇక అసలు రచన, ‘టాబులా రాసా’. ఇద్దరు వయొలిన్ ఏకవాద్యకారులు, తీగ వాద్య బృందం, తీగల మధ్య మరలు బిగించిన పియానో. క్రెమర్ పక్కన తత్యానా గ్రిండెంకో, పియానో దగ్గర స్వయంగా గొప్ప స్వరకర్త అయిన ఆల్‌ఫ్రెడ్ ష్నిట్కె. 1977 సెప్టెంబరు 30న టాలిన్‌లో తొలి ప్రదర్శన జరిగింది. ఈ రికార్డింగ్ అదే ఏడాది నవంబరులో బాన్ నగరంలో, కచేరీలో చేసినది. స్టూడియో శుభ్రత ఇందులో వెతకవద్దు. తర్వాత ఎంతో నున్నని రికార్డింగులు వచ్చాయి, నాకు మాత్రం ఇదే కావాలి. ఈ రచన అప్పటికి వాళ్ల వేళ్లకు కొత్త. ఆ కొత్తదనం కమానులో వినిపిస్తుంది.

మొదటి భాగంలో ఇద్దరూ ఒకే స్వరాన్ని, ఒకరు పైస్థాయిలో ఒకరు కిందిస్థాయిలో, గట్టిగా పలికిస్తారు. వెంటనే నిశ్శబ్దం. దాని నిడివి లెక్కపెట్టండి. ప్రతి విరామానికీ అది తగ్గుతుంది, సంగీతం పెరుగుతుంది. చివరికి ఖాళీయే మిగలదు.

రెండో భాగం పేరు ‘సిలెన్షియం’, అంటే నిశ్శబ్దం. డి మైనర్. డి స్వరాన్ని షడ్జమం అనుకోండి. వయొలిన్ ఆ షడ్జమం చుట్టూ తిరుగుతూ, ప్రతి చుట్టుకూ ఒక మెట్టు పైకీ ఒక మెట్టు కిందికీ విస్తరిస్తుంది. మరలు బిగించిన ఆ పియానో మోగినప్పుడల్లా ఇల్లు చేరినట్టు లెక్క. మెల్లగా అందరూ తప్పుకుంటారు. మిగిలిన డబుల్ బేస్ కిందికి దిగుతుంది: మ, గ, రి...

స రాదు. దాని చోట స్వరపత్రంలో నిశ్శబ్దమే రాసి ఉంది. అప్పుడు ఫోను వైపు చేయి చాచకండి. ఆ స మీలోనే మోగుతుంది. అది కూడా ఆగాక హెడ్‌ఫోన్లు తీయండి.