స్పెయిన్ పాత స్టాంపులు: ముందు కాగితం, తర్వాతే రాణి

(చర్చా కార్యక్రమం లిఖిత రూపం. పాల్గొన్నవారు: వ్యాఖ్యాత, క్లాసిక్ ఐరోపా స్టాంపుల సేకర్త, వేలం లాట్లను పరిశీలించే నిపుణురాలు, పాత కాగితాల పరిరక్షకుడు.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ బల్ల మీద ఉన్నవి 1850 నుంచి 1870ల దాకా స్పెయిన్‌లో వాడిన తపాలా బిళ్ళలు. సేకర్త గారూ, ఎవరైనా కలగాపులగం లాట్ ఒకటి కొన్నారనుకోండి. అందులో ఇసబెల్ రాణి బొమ్మలు నాలుగైదు కనబడ్డాయి. ముందు ఏం చూడాలి?

సేకర్త: ఏడాది అచ్చయి ఉందా అని. స్పెయిన్ తొలి స్టాంపులు 1850 జనవరి 1న వచ్చాయి: 6 క్వార్తోస్ నలుపు, 12 క్వార్తోస్ లైలాక్ (లేత ఊదా), 5 రెయాలెస్ ఎరుపు, 6 రెయాలెస్ నీలం, 10 రెయాలెస్ ఆకుపచ్చ. ఇవి అప్పటి స్పెయిన్ నాణేలు: ఎనిమిదిన్నర క్వార్తోస్ ఒక రెయాల్. అరఔన్సు ఉత్తరానికి 6 క్వార్తోస్, కాబట్టి నల్లదే ఎక్కువ దొరుకుతుంది. ఆ తర్వాత 1851, 52, 53, 54... ఏటా డిజైన్ మార్చారు. వాడిన బిళ్ళను కడిగి మళ్ళీ అంటిస్తారనీ, దొంగ బిళ్ళలు అచ్చేస్తారనీ భయం. ఆ భయం మనకు కలిసొచ్చింది. చాలా బిళ్ళల మీద ఏడాది రాసే ఉంటుంది.

వ్యాఖ్యాత: ఆ 6 క్వార్తోస్ నలుపులోనే రెండు రకాలుంటాయట కదా?

సేకర్త: రెండు ప్లేట్లు, అంటే అచ్చు పలకలు. భూతద్దం పెట్టి కింది వరుసలో ఆ క్వార్తోస్ అన్న మాట చూడండి. చివర్లో టి, ఓ అక్షరాల మధ్య ఎడం ఉంటే మొదటి రకం, అవి కలిసిపోతే రెండో రకం. పదింతలు పెంచి చూపే లూప్ ఉంటే చాలు. సిరా ఎక్కువై అక్షరాలు పూసుకుపోయిన బిళ్ళల్లో మాత్రం మోసపోతాం. అలాంటప్పుడు మిగతా అక్షరాలు కూడా పూసుకుపోయాయా అని చూసి అప్పుడు తేల్చుకోవాలి.

నిపుణురాలు: ఏడాది లేని బిళ్ళల దగ్గరే అసలు చిక్కు. 1855లో కొత్త డిజైన్ తెచ్చారు: రాణి తల కుడివైపు తిరిగి, చుట్టూ ముత్యాల వలయం. ఏడాది తీసేశారు. అదే డిజైన్‌ను 1859 దాకా మూడు రకాల కాగితం మీద అచ్చేశారు. బొమ్మ ఒకటే, కాగితం మాత్రం మూడు. ఎర్రటి 4 క్వార్తోస్‌ను స్పెయిన్ స్టాంపుల ఎడిఫిల్ క్యాటలాగులో చూడండి, మూడు అంకెలున్నాయి: 40, 44, 48. మూడో దానికి ధర బాగా తక్కువ, మధ్యదానికి ఎక్కువ. రాణిని ఎంతసేపు చూసినా ఏది ఏదో తెలియదు.

వ్యాఖ్యాత: మరి ఎలా తెలుస్తుంది?

పరిరక్షకుడు: నల్ల ట్రే, వాటర్‌మార్క్ (కాగితం తయారీలోనే లోపల పడే గుర్తు) కనబడేలా చేసే ద్రావకం, ట్వీజర్స్. ఇంతే సామాను. ముందు వెనకవైపు పాత హింజ్ (ఆల్బమ్‌లో అతికించే చిన్న జిగురు కాగితం) ముక్కలేమైనా అంటుకుని ఉన్నాయేమో చూసి, వదులుగా ఉన్నవి తీసెయ్యాలి. లేకపోతే తడిసినప్పుడు అవే వాటర్‌మార్క్‌లా కనబడతాయి. బిళ్ళను బోర్లా పెట్టండి. రెండు మూడు చుక్కలు వెయ్యండి. ఎండిపోయే లోపు కొన్ని సెకన్లే స్పష్టంగా కనబడుతుంది, అవసరమైతే మళ్ళీ వెయ్యవచ్చు. ద్రావకం మండే రకమైతే దీపం, సిగరెట్ దగ్గర ఉండకూడదు, కిటికీ తీసి ఉండాలి.

1855 కాగితం నీలి ఛాయ ఉన్నది, దాంట్లో ముడుల వాటర్‌మార్క్. వంపు గీతలు ఒకదానికొకటి మెలిక పడి ఉంటాయి. ఒక్క బిళ్ళలో ముడి మొత్తం రాదు, ఒకట్రెండు వంపులే కనబడతాయి. 1856 జనవరిలో వచ్చినది గరుకు తెల్ల కాగితం, దాంట్లో అడ్డగోలుగా ఒకదాన్నొకటి కోసుకునే గీతలు. అదే ఏడాది ఏప్రిల్‌లో వాటర్‌మార్కే లేని నున్నటి తెల్ల కాగితం మొదలైంది. మధ్యది కొన్ని నెలలే వాడారు. అందుకే అరుదు.

సేకర్త: 1856 జులై 1 నుంచి తపాలా ఖర్చు ముందే చెల్లించడం తప్పనిసరి చేశారు. అంతకుముందు చాలామంది ఉత్తరం అందుకునేవాళ్ళచేత కట్టించేవాళ్ళు. ఆ దెబ్బతో బిళ్ళల వాడకం పెరిగింది. ఆ సరుకంతా మూడో కాగితం మీదే.

నిపుణురాలు: ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి సార్. నీలం కవరు మీద ఉండి నీళ్ళలో నానినప్పుడు రంగు ఎక్కిన తెల్ల కాగితాన్ని చూసి 1855ది అనుకుంటారు. నీలి కాగితం ఎండకు వెలిసిపోతే తిరగబడి మోసపోతారు. అందుకే రంగును సాక్ష్యంగా తీసుకోకండి. గీతలు కనబడితేనే పేరు పెట్టండి. బలమైన ముద్ర పడ్డ బిళ్ళలో గీతలు కనబడకపోతే "తేల్చలేదు" అని రాసుకోవడం తప్పేం కాదు.

పరిరక్షకుడు: కాగితం పలచబడిన చోటు కూడా ద్రావకంలో నల్లగానే కనబడుతుంది. వాటర్‌మార్క్ అయితే గీతలా ఒక క్రమంలో సాగుతుంది. పలచబడిన చోటు మచ్చలా ఉంటుంది, అంచులు తిన్నగా ఉండవు.

వ్యాఖ్యాత: అదే డిజైన్‌లో క్యూబా బిళ్ళలు కూడా వస్తాయంటారు?

నిపుణురాలు: వస్తాయి. క్యూబా, ప్యూర్టో రికోలకు అదే రాణి బొమ్మతో 1855లోనే అచ్చేశారు, అవే కాగితాల మీద. ధర చోట చూడండి: రెయాల్ పక్కన "ప్లాటా ఎఫ్" అని ఉంటే అది స్పెయిన్‌ది కాదు, వలస రాజ్యాలది. వెండి రెయాల్ అని దాని అర్థం. స్పెయిన్ పేజీలో అతికించిన క్యూబా బిళ్ళలు పాత ఆల్బమ్‌లలో ఉండవచ్చు, చూసుకోండి.

వ్యాఖ్యాత: ఇక దొంగ బిళ్ళలు. ఇవి చాలా ఎక్కువట.

పరిరక్షకుడు: ముందు ముద్రణ పద్ధతి అడగండి. 1850 బిళ్ళలు లితోగ్రాఫ్, అంటే రాతి మీద నుంచి చదునుగా అచ్చేసినవి. 1851 నుంచి అచ్చు దిమ్మెలతో ఒత్తినవి. ఒత్తిన దాంట్లో సిరా అక్షరం అంచుకి నెట్టుకుపోయి గట్టుకడుతుంది. బిళ్ళను వంచి పక్క నుంచి దీపం వెలుగు పడేలా చూస్తే వెనకవైపు అచ్చు కొంచెం పొడుచుకొచ్చినట్టు కనబడుతుంది. 1852, 1853 బిళ్ళ అని చెప్పినది చదునుగా, అంచు గట్టు లేకుండా ఉంటే అక్కడే ఆగిపోవాలి. నకళ్ళలో చాలా భాగం లితో నకళ్ళే.

సేకర్త: అలా అయితే స్పెరాటి సంగతి?

పరిరక్షకుడు: అది వేరే స్థాయి. ఝాన్ ద స్పెరాటి చవకబారు అసలు బిళ్ళను తీసుకుని, దాని సిరాను రసాయనాలతో చెరిపేసి, అదే కాగితం మీద అరుదైనదాన్ని ఫోటో పద్ధతిలో అచ్చేసేవాడు. అంటే కాగితం అసలుది, ముద్ర కూడా కొన్నిటి మీద అసలుదే. నేను చెప్పిన కాగితం పరీక్ష అక్కడ చాలదు. ఆయన మిగిల్చిన సరుకును 1950ల్లో బ్రిటిష్ ఫిలాటెలిక్ అసోసియేషన్ కొనేసి, మార్కెట్లోకి మళ్ళీ రాకుండా ఆపింది. అయినా కొన్ని అప్పటికే బయటకి వెళ్ళిపోయాయి. ధర ఉన్న బిళ్ళకు నిపుణుల సర్టిఫికెట్ లేకుండా డబ్బు పెట్టకండి.

నిపుణురాలు: 1851 తాలూకు 2 రెయాలెస్ నీలం గురించి అడుగుతుంటారు. 6 రెయాలెస్ నీలం అచ్చేసే ప్లేటులోకి 2 రెయాలెస్ దిమ్మె పొరపాటున చేరింది. మూడే మూడు తెలుసు, ఒకటి పక్కన 6 రెయాలెస్‌తో జతగా ఉంది. మీ లాట్‌లో నాలుగోది కనబడితే మొదట చూడాల్సింది అసలు ఎర్రదానికి రంగు మార్చారా అని. మాడ్రిడ్ ఊరి ఉత్తరాలకు 1853లో వేసిన ఎలుగుబంటి, చెట్టు బొమ్మల 3 క్వార్తోస్ విషయంలోనూ అంతే. 1 క్వార్తో కొంతవరకు దొరుకుతుంది, 3 మాత్రం అరుదు, అందుకే నకళ్ళు దానికే ఎక్కువ.

వ్యాఖ్యాత: ముద్రల నుంచి కూడా తెలుసుకోవచ్చా?

సేకర్త: చాలా తెలుస్తుంది. 1850లో వచ్చింది సాలీడు ముద్ర, స్పానిష్‌లో అరాన్యా. గీతలు కాళ్ళలా బయటకు పాకుతాయి. తర్వాత జాలీ ముద్ర వచ్చింది, అండాకారంలో పక్కపక్కన గీతలు. 1858లో బండి చక్రం: మధ్యలో అంకె, చుట్టూ చక్రపు ఆకుల్లాంటి గీతలు. మాడ్రిడ్‌కు 1, బార్సెలోనాకు 2. ఇప్పుడు లెక్క వెయ్యండి. 1852 బిళ్ళ ఆ ఏడాదితో చెల్లకుండా పోయింది. దాని మీద బండి చక్రం ముద్ర ఉంటే బిళ్ళ అసలుదైనా ముద్ర దొంగది. ఈ ఒక్క పరీక్షకు ఏ సామానూ అక్కర్లేదు.

నిపుణురాలు: రెండు మూడు లావు నల్లగీతలు ఉన్నవి కూడా చెప్పండి.

సేకర్త: వాటిని బర్రాదో అంటారు. మిగిలిపోయిన బిళ్ళలను గీతలతో రద్దు చేసి వ్యాపారులకు అమ్మేశారు. అవి తపాలాలో తిరగలేదు. నాకైతే ఆల్బమ్‌లో వాటికి చోటు ఇవ్వబుద్ధి కాదు.

నిపుణురాలు: నేనలా అనను. అసలు బిళ్ళ, తక్కువ ధర. రంగు, కాగితం, దిమ్మె అక్షరాలు పోల్చుకోవడానికి దానికంటే మంచి నమూనా లేదు. వాడినదని చెప్పి అమ్మకూడదంతే. ఇంకోటి, టెలిగ్రాఫ్ ఆఫీసుల్లో వాడినవాటికి గుండ్రటి రంధ్రం పొడిచేవాళ్ళు. 1870ల్లోని 4, 10 పెసేతాల (స్పెయిన్ కొత్త నాణెం) బిళ్ళల్లో ఇవి ఎక్కువ. రంధ్రం పూడ్చి, కొత్తగా ముద్ర గీసి అమ్ముతారు. ద్రావకంలో వేస్తే పూడ్చిన చోటు గుండ్రంగా వేరే రంగులో బయటపడుతుంది.

వ్యాఖ్యాత: పర్ఫరేషన్, అంటే బిళ్ళలు విడదీయడానికి అంచున పొడిచే రంధ్రాల వరుస, ఎప్పుడొచ్చింది?

సేకర్త: 1865లో. అదే డిజైన్ మొదట అంచులు కోసినట్టు, తర్వాత 14 పర్ఫరేషన్‌తో వచ్చింది. 14 అంటే 2 సెంటీమీటర్లకు 14 రంధ్రాలు. ఏది ఎక్కువ ధరో బిళ్ళను బట్టి మారుతుంది కాబట్టి మోసం రెండు వైపులా జరుగుతుంది: పళ్ళు కోసి మార్జిన్ బిళ్ళ (రంధ్రాలు లేనిది) చేస్తారు, మార్జిన్ బిళ్ళకు పళ్ళు పెడతారు. కోసినదైతే మార్జిన్ వెడల్పు చాలదు. నాలుగు వైపులా ధారాళమైన మార్జిన్ ఉంటేనే నమ్మండి. ఆ ఏడాది 12 క్వార్తోస్‌లో నీలం రాణి, గులాబీ చట్రం రెండుసార్లు అచ్చు పడ్డాయి. చట్రం తలకిందులైనవి కొన్ని ఉన్నాయి, క్యాటలాగుల్లో ప్రసిద్ధం.

నిపుణురాలు: 1868 మాటా చెప్పాలి. సెప్టెంబరులో రాణి గద్దె దిగింది. పాత సరుకు మీదే "హబిలితాదో పోర్ లా నాసియోన్" అని చేతి ముద్ర వేసి వాడారు, జాతి పేరున చెల్లుతుందని. మాడ్రిడ్‌ది ఒక తీరు, వాల్యదోలిద్, అస్తూరియాస్, తెరువెల్‌లది మరొక్కో తీరు. చేతి ముద్ర కాబట్టి వంకరటింకరగా పడుతుంది, అందువల్ల నకిలీ చెయ్యడం కూడా తేలిక. తపాలా ముద్ర పైన, హబిలితాదో కింద ఉండాలి. వరుస తలకిందులైతే ముందు రద్దయిన బిళ్ళ మీద ఎవరో తర్వాత ఒత్తారన్నమాట. రెండూ నల్లసిరా అయితే లూప్‌తో చూసినా కష్టం, అప్పుడు నిపుణులకే పంపాలి. 1870 జనవరిలో కొత్త డిజైన్లు వచ్చేశాయి కాబట్టి ఆ తర్వాతి తేదీ కూడా అనుమానమే.

వ్యాఖ్యాత: ఒక ప్రేక్షకుడి ప్రశ్న ఉంది, విశాఖపట్నం నుంచి. "మా ఊళ్ళో గాలిలో తేమ ఎక్కువ. పాత ఆల్బమ్‌లో గోధుమరంగు చుక్కలు వస్తున్నాయి. ఉత్తరం మీద ఉన్న బిళ్ళ కూడా ఒకటి ఉంది. నీళ్ళలో నానబెట్టి తీసెయ్యాలా?"

పరిరక్షకుడు: చుక్కలు బూజు, తుప్పు మచ్చలు. ఒక బిళ్ళ నుంచి పక్కదానికి పాకుతాయి. మచ్చలున్నవాటిని వేరే కవరులో పెట్టండి. ఆల్బమ్‌లను నిలబెట్టి, గోడకు ఆనకుండా పెట్టి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారినప్పుడల్లా ఆరబెట్టి మళ్ళీ వాడండి. బిళ్ళ మీద ప్లాస్టిక్ గట్టిగా బిగిస్తే తేమ లోపలే ఉండిపోతుంది.

సేకర్త: ఇక ఉత్తరం మీదది తీయవద్దు. 1850ల్లో బిళ్ళను జాలీతో రద్దు చేసి, తేదీ ముద్రను పక్కన వేరేగా కొట్టేవాళ్ళు. జాలీ కొంత బిళ్ళ మీద, కొంత కాగితం మీద పడిందేమో చూడండి. అలా ఉంటే ఆ బిళ్ళ ఆ ఉత్తరంతోనే ప్రయాణించింది. బిళ్ళను ఊడదీస్తే తేదీ పోతుంది, ఊరు పోతుంది, ధర కూడా పోతుంది. ముందూ వెనకా ఫోటోలు తీసి పెట్టుకుని, అలాగే ఆమ్లం లేని కవరులో పెట్టండి.