సగం విప్పేసిన బేస్ యాంప్‌ని మళ్లీ పాడించడం

నమస్తే అండి. టేబుల్ మీదున్న ఈ డబ్బా ఒక బేస్ యాంప్, అంటే బేస్ గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే యాంప్లిఫయర్. నాబ్‌లు లేవు, వెనక పలక లేదు, లోపల వైర్లు వేలాడుతున్నాయి. మా పర్లాకిమిడిలో పాత ఇనుము కొట్టులో దొరికింది. కొట్టువాడు 1,800 రూపాయలు చెప్పాడు. ఇక్కడ బేరం తెలుగులో మొదలై ఒడియాలో తెగుతుంది. చివరికి 1,100కి ఇచ్చాడు. స్క్రూలు అగరుబత్తి పెట్టెలో వేసి ఊరికే ఇచ్చాడు, అందులో సగం దీనివి కావు.

మా గజపతి జిల్లా కొండ ఊళ్లలో చర్చిలు ఎక్కువ. బేస్ గిటార్ వాయించే కుర్రాళ్లున్నారు గానీ బేస్ యాంప్ ఉండదు, కీబోర్డు స్పీకర్లోనే దాన్నీ గుచ్చేసి కోన్, అంటే స్పీకర్‌లో ఊగే గరాటు, చింపుకుంటారు. ఇది మా బావమరిది వాళ్ల చర్చికి.

కొనేముందు నేను చూసింది రెండే: ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్. ఖరీదంతా వాటిలోనే ఉంటుంది. బోర్డు మసైపోయినా ఇంకోటి వేసుకోవచ్చు. స్పీకర్ వైర్లకి 1.5 వోల్టుల సెల్ ఒక్క క్షణం తాకించండి. టప్ మని కోన్ కదిలితే కాయిల్ బతికే ఉంది. తర్వాత రెండు చేతుల వేళ్లతో కోన్‌ని సమానంగా, మెల్లగా నొక్కండి. గరగర రాకూడదు. మీటర్‌లో ఇది 6.3 ఓములు చూపించింది. 8 ఓముల స్పీకర్‌కి అంతే వస్తుంది, కంగారు పడక్కర్లేదు.

కొట్టువాడు కరెంటు పెట్టి చూపిస్తానన్నాడు. వద్దు బాబూ అని ప్లగ్గు లాక్కున్నాను. ముందు విప్పినవాడు ఏం పీకాడో, ఎక్కడ ఆపాడో తెలిసేదాకా దీనికి కరెంటు చూపించకూడదు.

ఏం పీకాడో చూద్దాం. బోర్డు మీద ఈ రెండు గుండ్రటి ఖాళీలు పెద్ద కెపాసిటర్లవి, అంటే ఛార్జ్ నిల్వ ఉంచుకునే డబ్బాలవి. మీ యాంప్‌లో అవి ఉంటే చెయ్యి పెట్టకముందే 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ని వాటి కాళ్ల మధ్య అర నిమిషం పట్టుకోండి, ఛార్జ్ దిగిపోతుంది. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి నిప్పురవ్వలు తెప్పించడం మగతనం కాదండీ.

ఫ్యూజ్ చూడండి. గాజు గొట్టం మీద రాగి తీగ చుట్టేశాడు! అంటే ఫ్యూజ్ పదేపదే పోయింది, ఎందుకు పోతోందో వెతకలేదు. ఆ కారణం ఇక్కడుంది, కెమెరా దగ్గరకి తెస్తాను. ఇవి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, ఒకటి టిప్35సి, ఇంకోటి టిప్36సి. వీటి వెనక లోహపు రేకు కలెక్టర్ అనే కాలుతో కలిసే ఉంటుంది, దాని మీద సప్లై వోల్టేజీ ఉంటుంది. అందుకే రేకుకీ, వేడి లాగేసే లోహపు దిమ్మ హీట్ సింక్‌కీ మధ్య కరెంటు దాటనివ్వని మైకా ముక్క, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ (తొడుగు) ఉండాలి. ఎడమవైపు మైకా ఉంది. కుడివైపు తెల్ల పేస్టు మాత్రం పెళ్లికూతురికి గంధం పూసినట్టు పూశాడు, మైకా మర్చిపోయాడు. మీటర్ బీప్‌లో పెట్టి రేకు మీద ఒక ముల్లు, హీట్ సింక్ మీద ఇంకోటి... వినిపించిందా? ఈ బీప్ రాకూడదు. రెండు ట్రాన్సిస్టర్లూ కొత్తవి వేశాను, కొత్త మైకా, కొత్త బుష్. ఇప్పుడు బీప్ లేదు.

కెపాసిటర్ల సంగతి. ట్రాన్స్‌ఫార్మర్ 28-0-28, అంటే మధ్య వైరు నుంచి రెండు వైపులా 28 వోల్టుల ఏసీ ఇస్తుంది. దాన్ని డీసీ చేస్తే ఎంతొస్తుందో తెలియాలంటే 28ని 1.414తో గుణించాలి, 39.6. డయోడ్లు ఒక వోల్టు దాకా తింటాయి. అంటే ఒక్కో వైపు 38, 39 వోల్టులు డీసీ. 35 వోల్టుల కెపాసిటర్ చవకని వేస్తే పేలుతుంది. నేను 63 వోల్టులవి, 4700 మైక్రోఫారడ్‌వి వేశాను. తెల్ల చార ఉన్న కాలు మైనస్. ఒకసారి నేనే తిరగేసి పెట్టాను; టపాకాయ లాగా పేలి, లోపలి కాగితం పీచు సీలింగ్‌కి అంటుకుంది. వారం రోజులు ఆ గదిలో కమురు కంపు.

ఇప్పుడు కరెంటు, కానీ నేరుగా కాదు. ఫేజ్ వైరుకి వరసలో 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు. ఎల్ఈడీ పనికిరాదు. ఇప్పుడీ బల్బు దొరకడమే కష్టం, పాత ఎలక్ట్రికల్ షాపులో అటక మీద నుంచి దింపించాను. స్పీకర్ తీసేసే ఉంచాను. స్విచ్ వేస్తున్నా... భగ్గున వెలిగింది, మెల్లగా ఆరిపోయింది. కెపాసిటర్లు నిండాయి, అంతే. అలాగే వెలుగుతూ ఉండిపోతే లోపల ఇంకా షార్ట్ ఉందని, వెంటనే ఆపేయండి.

స్పీకర్ తగిలించే ముందు దాని వైర్లు వచ్చే చోట డీసీ చూడండి. నాకు 18 మిల్లీవోల్టులు. 50 లోపుంటే మంచిదే. అక్కడ 38 వోల్టులు కనిపిస్తే మాత్రం మీ స్పీకర్ కాయిల్ క్షణాల్లో మాడిపోతుంది.

బల్బు తీసేశాను, రాగి తీగ పారేసి హోల్డర్ పక్కన రాసున్నట్టు 2 ఆంపియర్ల స్లో ఫ్యూజ్ వేశాను. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి, ఎర్త్ వైరు ఛాసిస్‌కి గట్టిగా బిగించాను. గిటార్ తీగలు ఇనుపవి, పట్టుకునేది చేతులు, కాబట్టి ఎర్త్ లేకుండా ఎవరికీ ఇవ్వకండి. వెనక పలకకి ప్లైవుడ్ ముక్క కోసి బిగించాను, నాబ్‌లు ఏవో దొరికినవి.

ఇక బేస్ గుచ్చుదాం. అన్నిటికంటే లావు తీగ, దాని పేరు E. 41 హెర్ట్జ్. వాల్యూమ్ పావు వంతు... ఆ గిలగిల వినిపిస్తోందా? స్పీకర్ అనుకుని ఇందాక నాకూ గుండె జారింది. పై హ్యాండిల్ మీద చెయ్యి పెడతాను, చూడండి, ఆగిపోయింది. హ్యాండిల్ స్క్రూ వదులు. అగరుబత్తి పెట్టెలో వెతికితే సరిపోయేది ఒకటి దొరికింది, కింద పాత సైకిల్ ట్యూబ్ ముక్క పెట్టి బిగిస్తున్నా. మళ్లీ E తీగ.