ఫైలు నిండిన రోజు
(హన్మకొండలో కంప్యూటర్ శిక్షణ పూర్తి చేసిన వారి ముందు చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న పిల్లలకు నమస్కారం. నన్ను ఉద్యోగావకాశాల గురించి మాట్లాడమన్నారు. అవి తర్వాతి సారు చెప్తారు. నేనొక ఫైలు గురించి చెప్తాను.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాసేవాణ్ని. రైతు పేరు, బస్తాలు, తూకం, ధర, హమాలీ ఖర్చు, అన్నీ యాక్సెస్ అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రాంలోనే, ఒకే ఫైలులో. మిర్చి సీజన్. ఘాటుకు ముక్కుకు రుమాలు కట్టుకుని టైపు చేస్తుంటే తెర మీద 'ఇన్‌వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్' అని వచ్చింది. సేఠు తొంగిచూసి, "దానితో ఎవరు వాదన పెట్టుకున్నరయ్యా?" అన్నాడు. మీరు నవ్వుతున్నారు, నాకప్పుడు ఏడుపొచ్చింది.

నిండిపోయానని ఆ ఫైలు చెప్పదు. నా కోపమంతా అక్కడే. డిస్కులో ఎంత చోటున్నా అది 2 జీబీ దాటదు. యాక్సెస్ 97లోనైతే 1 జీబీయే. పాత పద్దులు చెరిపినా తగ్గదు, కంపాక్ట్ చేసేదాకా, అంటే ఫైలును కుదించేదాకా, ఆ ఖాళీ లోపలే ఉండిపోతుంది. తక్‌పట్టీలు, అంటే రైతుల అమ్మకం చీటీలు, అన్నీ స్కాన్ చేసి అందులోనే పెట్టమన్నది సేఠే. ఆ బొమ్మలే ఫైలును మింగాయి. "నువ్వే ఏదో నొక్కినవ్" అని మాత్రం నన్నే అన్నాడు, హమాలీలందరి ముందు! ఇన్నేళ్లయినా ఆ మాట పోలేదు.

మీలో ఎవరైనా పాత యాక్సెస్ నడుపుతున్నారా? చేతులెత్తండి. ఇవాళే వెళ్లి సైజు చూడండి, ఒకటిన్నర జీబీ దాటితే నాకు ఫోన్ చేయండి.

ఆ... ఏం చేశానంటే, అసలు ఫైలును ముట్టుకోలేదు. అందరి చేతా ప్రోగ్రాం మూయించి కాపీ తీశాను. కాపీ మీద కంపాక్ట్ నడిపితే సగంలో ఆగింది. కొత్త ఖాళీ ఫైలు తెరిచి టేబుళ్లు ఒక్కొక్కటే లాగాను. రైతుల ఖాతాలు వచ్చాయి. బొమ్మలను వేరే ఫైలులోకి పంపి లింకు పెట్టాను. ఆ రోజు ఎక్కించిన పద్దులు మాత్రం చెడిపోయాయి. తీగకు గుచ్చిన తక్‌పట్టీలు తీసి రాత్రంతా మళ్లీ కొట్టాను.

సారు గడియారం చూపిస్తున్నారు, అయిపోయింది. ఒక చీటీ మీద చెమట పడి అంకెలు అలుక్కుపోయాయి. గీసుగొండ రైతుది. డబ్బు కోసం ఆగి, బయట ఖాళీ గోనెల మీద పడుకున్నాడు. లేపితే కళ్లు నులుముకుంటూ బస్తా బస్తా తూకం నోటితో చెప్పాడు. పొద్దున తూకం వేసే దడ్వాయి చిట్టాతో పోల్చాను. ఒక్క కిలో తేడా రాలేదు.